ఇల్లు వేలమునకు రాకముందే

తెలుగు దినపత్రికల లోపలి పుటలలో చిన్న యక్షరములతో అచ్చుపడు ప్రకటనలు కొన్ని గలవు. వానికి ‘స్వాధీనపు ప్రకటన’ యనియో ‘వేలము ప్రకటన’ యనియో శీర్షిక యుండును. దానిక్రింద ఋణగ్రహీత పేరు, జామీనుదారు పేరు, బాకీ మొత్తము, ఇంటి నంబరు, నాలుగు హద్దులు వరుసగా నుండును. తూర్పున రోడ్డు, పడమట మరియొకరి యిల్లు, ఉత్తరమున సందు, దక్షిణమున ఖాళీ స్థలము. వీనిని శ్రద్ధగా చదువువారు బహు తక్కువ. కాని పొరుగువా డొక్కడు చదివిన చాలును, సాయంకాలమున కది వీధివీధికిని వార్త యగును. ఆ నాలుగు హద్దుల నడుమ నున్నది ఇటుకయు సున్నమును మాత్రమే కాదు. ఒక కుటుంబము ఇరువదియేండ్లు కడుపు కట్టుకొని కూడబెట్టిన కష్టార్జితము.

ఈ ప్రకటనలు పత్రికల కెక్కుట యాదృచ్ఛికము కాదు. ఆస్తిని స్వాధీనపరచుకొన్న ఏడు దినములలోగా రెండు ప్రముఖ పత్రికలలో, వానిలో నొకటి ప్రాంతీయ భాషా పత్రికగా నుండునట్లు, నోటీసు ప్రకటింపవలెనని 2002 సంవత్సరపు నిబంధనలే విధించుచున్నవి. అప్పు పత్రము ఇంగ్లీషున నుండవచ్చును. బాకీ నోటీసు ఇంగ్లీషున రావచ్చును. ఋణగ్రహీత భాషలో పలుకుమని ఈ చట్టము ఋణదాతను నిర్బంధించునది, అతని పరువు వీధిని బడు దినముననే!

బాకీపడుట నేరము కాదు. ఉద్యోగము పోవును, యజమాని మంచమెక్కును, దుకాణము నడవదు, పంట తప్పును. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ మని మన పెద్దలు ఊరక చెప్పలేదు. తెలుగు గృహస్థు ఈ రెండింటిని తరచుగా ఒక్క యప్పుతోనే చేయుచున్నాడు. కావున నీనాడు మేము రెండు సంగతులు చెప్పదలచినాము. మొదటిది ఋణగ్రహీతలకు: బాకీవలన కంటె మౌనమువలన పోవు ఇండ్లే హెచ్చు; చట్టము లెక్కపెట్టి యిచ్చిన దినములను పోగొట్టుకొనరాదు. రెండవది పాలకులకు: పెద్ద బాకీదారులను పట్టుకొనుటకు చేసిన ఖడ్గమును చిన్న గృహస్థు మెడపై యథాతథముగా ప్రయోగించుట న్యాయము కాదు.

బాకీ పెరుగు విధము

అప్పు చేసి పప్పుకూడు తిన్నవారికే ఈ దుర్గతి పట్టునని తలచుట పొరపాటు. క్రమము తప్పక వాయిదా కట్టువానికిని తెలియకుండ భారము పెరుగు మార్గ మొకటి గలదు. నేటి గృహఋణములు చాలవరకు మారు వడ్డీ ఋణములు. రిజర్వు బ్యాంకు తన రెపో రేటును 2022 మే మొదట నూటికి 4 నుండి పెంచుచు 2023 ఫిబ్రవరి నాటికి 6.5 చేసినది, 2025లో మరల తగ్గింప నారంభించినది. ఈ పెరుగుదల గృహస్థు లెక్కలో నేమి చేయునో చూతము.

30 లక్షల రూపాయలు, సాలునకు నూటికి 7 వడ్డీ, 20 ఏండ్ల గడువు. నెలసరి వాయిదా సుమారు 23,260 రూపాయలు. వడ్డీ 9 అయినదనుకొందము. ఆ మొదటి నెల వడ్డీయే 22,500. అసలునకు చేరునది 760 రూపాయలు మాత్రమే. వాయిదా మార్చక గడువు పెంచినచో 20 ఏండ్ల అప్పు సుమారు 38 ఏండ్ల అప్పగును. వడ్డీ 9.5 అయినచో నెల వడ్డీ 23,750. అనగా వాయిదా మొత్తమంతయు కట్టినను వడ్డీకే చాలదు. అప్పు తరుగుటకు బదులు పెరుగును. ముప్పదియైదేండ్ల వయస్సున అప్పు తీసికొన్నవాడు ఉద్యోగవిరమణ చేసిన పిమ్మటగూడ బాకీదారుగనే మిగులును.

ఈ విపరీతమును గుర్తించియే రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉత్తరువు చేసినది. వడ్డీ మారినపుడు ఋణగ్రహీతకు తెలుపవలెను. హెచ్చు వాయిదా కట్టుటయా, గడువు పొడిగించుటయా, రెండును కలిపియా యని యెంచుకొను అవకాశ మీయవలెను. గడువు పొడిగించుటవలన అప్పు తరుగక పెరుగు దుస్థితి రానీయరాదు. అదే నెలలో చేసిన మరియొక ఉత్తరువు ప్రకారము బాకీపై అపరాధపు వడ్డీ వేసి దానిని అసలులో కలుపరాదు. తగిన రుసుము మాత్రమే వేయవలెను, ఆ రుసుముపై మరల వడ్డీ పెరుగరాదు. ఈ నియమము 2024 ఏప్రిల్ 1 నుండి క్రొత్త అప్పులకు అమలులోనికి వచ్చినది. ఈ సంగతులు ఋణగ్రహీతలలో నెందరికి తెలియును? తన లెక్క పత్రమును సాలున కొక్కమారైన అడిగి చూచుకొను గృహస్థు అరుదు.

గ్రామములలోని మాట వేరుగా చెప్పనక్కరలేదు. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబములలో నూటికి 93.2, తెలంగాణలో 91.7 ఋణగ్రస్తములు. దేశపు సగటు 50.2 మాత్రమే. దేశమునందెల్ల అగ్రస్థానము మన రెండు రాష్ట్రములదే. గర్వింపదగని యగ్రస్థానమిది!

చట్టము పుట్టిన విధము

తనఖా యన్నది మనకు క్రొత్తది కాదు. 1882 సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము తనఖాలను రకరకములుగా విభజించి, ఏ రకమైనను ఋణగ్రహీతకు విమోచనహక్కు గలదని స్థాపించినది. అప్పు తీర్చినచో ఆస్తి తిరిగి రావలెను. ఋణదాత సాధారణముగా సివిలు కోర్టులో దావా వేయవలెను. మొదట ప్రాథమిక డిక్రీ, సొమ్ము కట్టుటకు గడువు, పిమ్మట తుది డిక్రీ, ఆపై వేలము. ఇది ఏండ్ల తరబడి సాగెడిది. దీర్ఘసూత్రత యని బ్యాంకులు మొరపెట్టెను. ఆ మొరలో సత్యము లేకపోలేదు; బ్యాంకులోని సొమ్ము మరియొక గృహస్థు దాచుకొన్న సొమ్మే గదా.

1993లో ఋణ వసూలు ట్రిబ్యునళ్ల చట్టము వచ్చినది. మైదవోలు నరసింహముగారి అధ్యక్షతన 1998లో నివేదిక సమర్పించిన సంఘమును, అంధ్యారుజినగారి సంఘమును, కోర్టు జోక్యము లేకుండ తనఖా ఆస్తిని స్వాధీనపరచుకొని విక్రయించు అధికారమును బ్యాంకుల కీయవలెనని సూచించెను. దాని ఫలమే 2002 సంవత్సరపు సర్ఫేసీ చట్టము. నాడు చర్చ యంతయు బ్యాంకులను ముంచివేయుచున్న పరిశ్రమల మొండి బాకీలను గురించియే. కాని చట్టమునకు కండ్లు లేవు. కోటానుకోట్లు ఎగవేసిన కంపెనీకిని, మూడు వాయిదాలు తప్పిన గుమాస్తాకును అదే నోటీసు, అదే అరువది దినములు.

అరువది దినములలో నేమి చేయవలెను?

చట్టపు గమనమును పాఠకులు అంకెలతో గుర్తుంచుకొనవలెనని మా కోరిక. వాయిదా తప్పి 90 దినములు దాటినచో ఋణము మొండి బాకీ యగును. పిమ్మట ఋణదాత 13(2) సెక్షను క్రింద నోటీసు పంపును. మొత్తము బాకీని 60 దినములలో చెల్లింపుమని దాని తాత్పర్యము. తప్పిన మూడు వాయిదాలు కాదు, మొత్తము అప్పు! దీనిని చూచి గృహస్థు గుండె చెదరి, కాగితము మడిచి బీరువాలో పెట్టి, భార్యకు సైతము చెప్పక దినములు గడుపును. ఇదియే మహాప్రమాదము.

ఆ నోటీసునకు జవాబు వ్రాయుహక్కు ఋణగ్రహీతకు గలదు. లెక్క తప్పైనచో, వడ్డీ హెచ్చుగా వేసినచో, కట్టిన సొమ్ము జమపడనిచో వ్రాతమూలకముగా ఆక్షేపింపవలెను. ఋణదాత 15 దినములలోగా కారణములతో ప్రత్యుత్తర మీయవలెను. ఈ హక్కు ఊరక రాలేదు. 2004లో మార్డియా కెమికల్సు వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఈ చట్టమును నిలిపియు, ఋణగ్రహీత మాట ఆలకింపవలెనని చెప్పినది. ట్రిబ్యునలుకు పోవుటకు బాకీలో నూటికి 75 వంతులు ముందుగా కట్టవలెనన్న షరతును కొట్టివేసినది. అంత పోరాడి సాధించిన హక్కును బీరువాలో పెట్టి తాళము వేయుట తగునా?

60 దినములు దాటిన పిమ్మట ఋణదాత స్వాధీన మునకు దిగును. మొదటిది కాగితపు స్వాధీనము: గోడకు నోటీసు అంటింతురు, పత్రికలో ప్రకటింతురు. పిమ్మట భౌతిక స్వాధీనము: దీనికై జిల్లాలలో కలెక్టరుగారిని, మహానగరములలో ముఖ్య మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటును ఆశ్రయింతురు. అచ్చట చూచునది ఋణదాత కాగితములు సక్రమముగా నున్నవా లేవా యని మాత్రమే. ఋణగ్రహీత వాదము నచ్చట విచారింపరు. సివిలు కోర్టు తలుపు మూయబడియున్నది. మిగిలిన ద్వార మొక్కటి, ఋణ వసూలు ట్రిబ్యునలు. స్వాధీన చర్య జరిగిన 45 దినములలోగా అచ్చట దరఖాస్తు చేయవలెను. హైదరాబాదులోను విశాఖపట్టణములోను ఈ ట్రిబ్యునళ్లు గలవు. ఆ తీర్పుపై ఋణగ్రహీత అప్పీలు చేయవలెనన్నచో బాకీలో సగము కట్టవలెను. అప్పీలు ట్రిబ్యునలు దయతలచినను నాలుగవ వంతునకు తగ్గదు.

వేలమునకు ముందు ఆస్తి విలువ కట్టించి కనీసపు ధర నిర్ణయింపవలెను. ఋణగ్రహీతకు 30 దినముల నోటీసు ఈయవలెను. ఇచ్చట నొక సూక్ష్మము గలదు. పూర్వము వేలము ముగియువరకు సొమ్ము కట్టి ఇల్లు విడిపించుకొన వీలుండెను. 2016 సవరణ పిమ్మట వేలము ప్రకటన వెలువడుటకు ముందే మొత్తము బాకీ కట్టవలెను. ప్రకటనతోనే ఆ హక్కు అంతరించునని 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కడపటి దినమున బంధువులు కూడి సొమ్ము తెచ్చినను ఫలము లేదు. కావున కడపటి దినమను మాటనే మరచిపోవలెను.

వేలములో బాకీకంటె హెచ్చు వచ్చినచో మిగులు ఋణగ్రహీతకు చెందును. తక్కువ వచ్చినచో? ఇల్లు పోయినను మిగిలిన బాకీ మెడను వ్రేలాడుచునే యుండును. దానికై ఋణదాత మరల ట్రిబ్యునలు కెక్కవచ్చును.

కొన్ని మినహాయింపులు గూడ నున్నవి. లక్ష రూపాయలకు మించని ఋణమునకును, అసలు వడ్డీలలో నూటికి 20 వంతులకంటె తక్కువ మాత్రమే మిగిలిన బాకీకిని ఈ చట్టము వర్తింపదు. వ్యవసాయ భూమిపై తనఖాకును వర్తింపదు. కాని భూమి సాగులో లేక, కాగితముపై మాత్రము మాగాణియో మెట్టయో యని యున్నంత మాత్రమున రక్షణ కలుగదని 2018లో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. ప్లాట్లు వేసి, లే-అవుటు చేసి, ‘ఇది మా తాతలనాటి పొలము’ అన్నచో ట్రిబ్యునలు నమ్మదు.

నక్షత్రకులును, నోటిమాటలును

హరిశ్చంద్రుని వెంట నక్షత్రకుడు నడచినట్లు నేడు బాకీదారు వెంట వసూలు ప్రతినిధులు నడచుచున్నారు. పురాణపు నక్షత్రకు డొక్కడే. నేటివారు టెలిఫోనులో పదిమంది. ఉదయము 8 గంటలకు ముందును, సాయంత్రము 7 గంటల పిమ్మటను బాకీకై పిలువరాదనియు, భయపెట్టరాదనియు, బంధుమిత్రుల యెదుట అవమానింపరాదనియు రిజర్వు బ్యాంకు 2022లో ఖండితముగా చెప్పినది. అట్లు చేసినచో మొదట ఋణదాత సంస్థకు, 30 దినములలో పరిష్కారము కానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. బాకీ యున్నది గనుక తిట్లుకూడ పడవలసినదే యని తలవంచుట అవసరము కాదు. ఋణము సొమ్మునకు సంబంధించినది. ఆత్మగౌరవమును ఎవ్వరును తాకట్టు పెట్టలేదు.

వీరి భయముచేత గృహస్థు చేయు రెండవ తప్పు మరింత ఘోరమైనది. బ్యాంకు వాయిదా కట్టుటకై ప్రైవేటు వడ్డీవ్యాపారి కడకు పోవును. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ యనగా చెవి కింపుగా నుండును. సాలునకు లెక్కించినచో 36. తొమ్మిది వడ్డీ బాకీని ముప్పదియారు వడ్డీ బాకీతో తీర్చుట నూతిలోనుండి లేచి సముద్రములో దూకుటయే.

అంతకంటె పెద్ద మోసము మన పట్టణములలో వాడుకగా నున్నది. ఋణదాత తనఖా దస్తావేజు వ్రాయించుకొనడు. ‘నమ్మకముకొరకు’ అని శుద్ధ విక్రయ దస్తావేజునో, అమ్మకపు ఒప్పందముతోపాటు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీనో రిజిస్టరు చేయించుకొనును. సొమ్ము కట్టినచో తిరిగి వ్రాసి యిచ్చెదనని నోటిమాట చెప్పును. 1929 సవరణ ప్రకారము తిరిగి యిచ్చు షరతు ఆ విక్రయ దస్తావేజులోనే లేనిచో అది తనఖా కానేరదు. విమోచనహక్కు సంతకముతోనే పోవును. ఇట్లు పోయిన ఇంటికి నోటీసు లేదు, అరువది దినములు లేవు, ట్రిబ్యునలు లేదు. ఎంత యక్కరయైనను, ఎంత దగ్గరి బంధువైనను, అప్పునకు విక్రయ దస్తావేజు వ్రాయరాదని మేము గట్టిగా చెప్పుచున్నాము.

‘ఐ.పి. పెట్టినచో సరి’ అని కొందరు సలహాదారులు చెప్పుదురు. అదియు వట్టి భ్రమ. 1920 సంవత్సరపు దివాలా చట్టములో తనఖా గల ఋణదాత హక్కును చెరుపు శక్తి లేదు. ఐ.పి.వలన చేబదుళ్లవారు ఆగవచ్చును గాని తనఖా యిల్లు నిలువదు.

పూర్వము రాజ్యము నడుమ నిలిచినది

ఋణదాతకు ఋణగ్రహీతకు నడుమ రాజ్యము నిలుచుట ధర్మవిరుద్ధమని కొందరు అర్థశాస్త్రజ్ఞులు వాదింతురు. మన ధర్మశాస్త్రములే దీనికి సమాధానము. ఒక్కసారిగా వసూలుచేయు వడ్డీ అసలును మించరాదన్న దామ్‌దుపట్ నియమము మనుస్మృతినాటిది. మదరాసు రాజధానిలో 1936లో ఋణ పరిష్కార బోర్డుల చట్టము వచ్చినది. 1937లో రాజగోపాలాచారిగారి ప్రధానిత్వమున, ప్రకాశము పంతులుగారు రెవెన్యూమంత్రిగా, కాంగ్రెసు మంత్రివర్గ మేర్పడినది. 1938లో వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము చేసినది. 1932 అక్టోబరు 1కి ముందటి అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి మిగిలియున్న వడ్డీ యంతయు రద్దయినది. అసలునకు రెట్టింపు చెల్లించియున్నచో అప్పే తీరిపోయినట్లు. ఆంధ్రజిల్లాలలో నాడు ఎన్ని గడపలు ఈ చట్టమువలన నిలిచెనో పెద్దలను చూచినవారికి తెలియును. నాడు ఋణవ్యవస్థ కూలిపోవునని కేకలు వేసినవారు గలరు, అది కూలిపోలేదు.

తరువాతి గాలి వేరు దిక్కునకు వీచినది. 1984లో వచ్చిన సవరణ ప్రకారము బ్యాంకు వడ్డీ అధికమన్న కారణముతో కోర్టు ఆ లెక్కను తిరుగదోడరాదు. 2002లో కోర్టే తప్పుకొన్నది. ఐనను రాజ్యము తలచినచో సాధ్యము కానిదేదియు లేదని 2020 నిరూపించినది. కోవిడ్ మహమ్మారి నాడు మార్చి 1 నుండి ఆగస్టు 31 వరకు వాయిదాల చెల్లింపునకు విరామ మొసగబడినది. ఆ కాలమునకు వడ్డీపై వడ్డీ వేయరాదని 2021 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పినది. దేశమంతటికి వచ్చిన విపత్తులో ఇచ్చిన ఊరట, ఒక ఇంటికి వచ్చిన విపత్తులో ఏల యీయరాదు?

మనము తనఖా చట్టమును ఇంగ్లండునుండియే తెచ్చుకొన్నాము. ఆ దేశమున ఇప్పుడేమి జరుగుచున్నదో చూడుడు. నివాసగృహమునుండి కుటుంబమును వెళ్లగొట్టుటకు సాధారణముగా కోర్టు ఉత్తరువు కావలెను. యుక్తమైన కాలములో బాకీ తీర్పగలడని తోచినచో స్వాధీనమును వాయిదా వేయు అధికారమును 1970 సంవత్సరపు చట్టము కోర్టున కిచ్చినది. ఆ యుక్తకాలమును తనఖా గడువులో మిగిలిన కాలమంతటిగా గ్రహింపవచ్చునని 1996లో ప్రకటితమైన నార్గన్ తీర్పు చెప్పుచున్నది. అచ్చటను ఇండ్లు పోవుచున్నవి. కాని పోవుటకు ముందు ఒక న్యాయాధిపతి, ‘ఈతడు తీర్పగలడా?’ యని అడుగును. మన చట్టములో ఆ ప్రశ్న నడుగువాడు లేడు.

మన దేశమునందే మరియొక వైషమ్యము గలదు. 2016 సంవత్సరపు దివాలా స్మృతి క్రింద కంపెనీ బాకీపడినచో దానిపై దావాలు, వసూళ్లు నిలిచిపోవును. ఋణదాతలు కూర్చుండి, కొంత వదలుకొని, దానిని బ్రదికించు మార్గము వెదకుదురు. అదే స్మృతిలో వ్యక్తులకును ఒక భాగము గలదు. అది 2019 డిసెంబరులో కంపెనీలకు జామీనిచ్చిన వ్యక్తులకు మాత్రమే అమలులోనికి వచ్చినది. సామాన్య గృహస్థున కది పుస్తకములోని యక్షరములుగనే యున్నది. కంపెనీకి ఊపిరి తీసికొను వ్యవధి. కుటుంబమునకు గోడపై నోటీసు!

మా సూచనలు

ఋణగ్రహీతలకు మేము చెప్పునది క్లుప్తము. మొదటి వాయిదా తప్పకముందే, తప్పునని తోచిన నాడే, బ్యాంకునకు పోయి వ్రాతమూలకముగా గడువు పొడిగింపో వాయిదాల తగ్గింపో కోరుడు. ఇచ్చిన కాగితమునకు అందినట్లు ముద్ర వేయించుకొనుడు. లెక్క పత్రమును పంక్తి పంక్తి చూడుడు. అప్పు తీసికొన్న యజమాని గతించినచో ఋణముతోపాటు భీమా పాలసీ యిచ్చిరేమో పత్రములు వెదకుడు. పాలసీ యున్న సంగతి తెలియకయే బాకీ కట్టుచున్న కుటుంబములు గలవు. బాకీ తీరు మార్గము నిజముగా కానరానిచో, నోటీసు రాకముందే మంచి ధరకు మీరే అమ్ముకొనుడు. నోటీసు వచ్చిన పిమ్మట ఋణదాత వ్రాతపూర్వక సమ్మతి లేనిదే అమ్మరాదు. వేలములో వచ్చు ధర, ఇరుగుపొరుగువారితో నెమ్మదిగా బేరమాడిన ధర ఒకటి కావు. అన్నిటికంటె ముందు ఇంటివారితో చెప్పుడు. ఆలి మెడలోని బంగారము, అన్నదమ్ముల సహాయము, కుమారుని జీతము, ఇవి చెప్పినపుడే చేతికి వచ్చును.

పాలకులకు మేము కోరునవి నాలుగు. ఒకటి, కుటుంబమునకు గల ఏకైక నివాసగృహముపై నోటీసు పంపుటకు ముందు, ఋణగ్రహీతతో ముఖాముఖి సమావేశము జరిపి, వాయిదాల మార్పును పరిశీలించినట్లు వ్రాతపూర్వకముగా చూపుట విధిగా చేయవలెను. రెండు, నోటీసును ఋణగ్రహీత భాషలో, మన రాష్ట్రములలో తెలుగున, ఇంగ్లీషుతోపాటు పంపవలెను; అందు 60, 15, 45 దినముల హక్కులను పెద్ద యక్షరములతో అచ్చువేయవలెను. మూడు, నివాసగృహము విషయములో భౌతిక స్వాధీనపు ఉత్తరువునకు ముందు ఋణగ్రహీత చెప్పుకొనుట కొక్క అవకాశ మీయవలెను. వేలము ముగియువరకు విమోచనహక్కును పునరుద్ధరింపవలెను. నాలుగు, వ్యక్తులకు సంబంధించిన దివాలా భాగమును గృహస్థులకును అమలులోనికి తేవలెను.

వీనివలన బ్యాంకులు మునుగునని వాదించువారు గలరు. మేము బాకీ రద్దు కోరుటలేదు. తీసికొన్న సొమ్ము తీర్పవలసినదే. పరుల సొమ్ము ఎగవేయుమని చెప్పు పత్రికాధర్మము మాకు లేదు. కాని నెమ్మదిగా తీర్పగలవానికి వ్యవధి యిచ్చుటయు, తీర్పగలిగియు తీర్పనివానిని పట్టుకొనుటయు వేరువేరు పనులు. ఈ రెండింటిని వేరుచేయలేని చట్టము సగము కన్ను మూసికొన్న చట్టము. పది సంవత్సరములు తప్పక కట్టి, పదకొండవయేట జబ్బుపడినవానిని ఇంటినుండి వెడలగొట్టినచో బ్యాంకునకు చేకూరునది తాళము వేసిన గోడలు. సమాజమునకు చేకూరునది చదువు మానిన పిల్లలు, అద్దె గదులలో తలదాచుకొన్న వృద్ధులు.

ఈ వారము పత్రికలో ఆ చిన్న యక్షరముల ప్రకటన కనబడినచో పాఠక మహాశయులు పుట త్రిప్పక యొక్కమారు చదువుడు. ఆ హద్దులలో మీ యెరిగినవారి యిల్లున్నచో ఊరిలో చెప్పుకొని నవ్వుటకు మారుగా, వారి గడప తొక్కి, ‘నోటీసు ఏ తేదీది? జవాబు వ్రాసితిరా?’ యని అడుగుడు. నలుబదియైదు దినములలో నెన్ని మిగిలియున్నవో వారితో కలిసి లెక్కపెట్టుడు. న్యాయవాది కడకు తోడుపొండు. చట్టమును మార్చుటకు శాసనసభలు కావలెను. ఈ పనికి ఇరుగుపొరుగు చాలును.